తూర్పు కనుమల తెగిపోయిన కొస

బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ బురుజు నిలబడిన బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఈ ఊళ్లో ఉండే తెలుగువాళ్లలో ఆ బండ ఎక్కనివాళ్లు అరుదు. ఆ బండ ఉన్న, అంత పాతదైన ఈ పీఠభూమి తూర్పు అంచుకు, ఎంతో కాలం తర్వాత, మన తూర్పు కనుమలు వచ్చి అతుక్కున్నాయి. విశాఖ దగ్గర ఆ కనుమలు సముద్రంలోకి దిగి అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తాయి. వాటి మిగతా భాగం ఎక్కడుందో తెలుసుకోవాలంటే, దాదాపు నేరుగా దక్షిణానికి తొమ్మిదిన్నర వేల కిలోమీటర్లు పోవాలి. అంటార్కిటికా తూర్పు తీరంలో, ప్రిడ్జ్ అఖాతం చుట్టూ అది మంచులోంచి తల ఎత్తి కనిపిస్తుంది.

ఆ తీరంలో పడమటి వైపు ఫ్రామ్నెస్ పర్వతాలున్నాయి. వాటిలో మేసన్, డేవిడ్, కేసీ అని మూడు వరుసలు. కొండల నడుములదాకా మంచే. శిఖరాలు మాత్రం నల్లగా, కోసుగా పైకి లేచి ఉంటాయి. తూర్పుకు వస్తే లాంబర్ట్ హిమానీనదం. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే ఈ మంచు నది ప్రపంచంలోకెల్లా పెద్ద హిమానీనదాల్లో ఒకటి. దాన్ని దాటాక లార్స్‌మన్ కొండలు వస్తాయి. ఇవి ఎత్తుకు పేరుపడ్డవి కావు, మహా అయితే 180 మీటర్లు. వీటి విశేషమల్లా మంచు లేకపోవడమే. సుమారు 40 చదరపు కిలోమీటర్ల రాతినేల, అందులో 150కి పైగా సరస్సులు. తూర్పు అంటార్కిటికా తీరంలో ఇలాంటి పెద్ద రాతినేలలు నాలుగే ఉన్నాయి.

మరి ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారు? తిమింగిలాల వేటగాళ్లూ, సామ్రాజ్యాల వాళ్లూ పోటీపడి పెట్టారు. 1920ల చివరికి నార్వే వేట ఓడలు నడిసముద్రంలోనే తిమింగిలాన్ని పైకి లాగి, కోసి, నూనె తీయడం నేర్చాయి. ఆ నూనెతో యూరప్ సబ్బులూ మార్జరీనూ చేసుకునేది. ఓడలు తిమింగిలాల వెంటబడి ఎవరూ చూడని తీరాలకు చేరాయి. అదే కాలంలో డగ్లస్ మాసన్ నాయకత్వంలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి పంపిన 'డిస్కవరీ' ఓడ 1929 నుంచి 1931 దాకా అదే తీరం వెంట తిరిగింది. 1931 ఫిబ్రవరి 14న మాసన్ బృందం ఆ పర్వతాలను చూసి, మూడు వరుసలకూ తమకు కావలసినవాళ్ల పేర్లు పెట్టింది. మేసన్ రసాయనశాస్త్ర ఆచార్యుడు, డేవిడ్ భూవిజ్ఞాని, కేసీ రాజకీయవేత్త. పర్వతాలన్నిటికీ కలిపి ఉన్న ఫ్రామ్నెస్ అనే పేరు మాత్రం నార్వేవాళ్లది. వేటగాళ్ల సొంత ఊరు సాండెఫ్యోర్ పక్కనున్న ఒక గుట్ట పేరును తెచ్చి ఈ పర్వతాలకు పెట్టుకున్నారు. ఇంటికి దూరమైన మనిషి చేసే పని అది. ఆ మనసు నాకు అర్థమవుతుంది.

ఆ ఊరి ఓడల యజమాని లార్స్ క్రిస్టెన్సెన్. ఆయన 'థోర్‌షావ్న్' ఓడకు కెప్టెన్‌గా వచ్చిన క్లారియస్ మికెల్సెన్ 1935లో లార్స్‌మన్ కొండలను మొదటిసారి పటానికి ఎక్కించాడు. ఆ పేరు లార్స్‌కు ముద్దు రూపం. తీరానికి యజమాని భార్య ఇంగ్రిడ్ పేరు పెట్టారు. ప్రిడ్జ్ అఖాతం పేరు ఎవరిదనుకున్నారు? తిమింగిల వేటగాళ్ల బీమా సంఘాన్ని నడిపిన మేనేజరు ఓలాఫ్ ప్రిడ్జ్‌ది! పక్కనున్న మాక్ రాబర్ట్‌సన్ భూమి పేరు, మాసన్ యాత్రకు డబ్బిచ్చిన మెల్‌బోర్న్ చాక్లెట్ వ్యాపారిది. లాంబర్ట్ హిమానీనదానికి ముందున్న పేరు 'బేకర్ త్రీ'. 1946-47లో పైనుంచి దాని ఫొటోలు తీసిన అమెరికా విమానం పేరది. తర్వాత ఆస్ట్రేలియా పటాల శాఖ అధిపతి పేరు దానికి వచ్చింది.

ఈ పేర్లలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 1936-37లో క్రిస్టెన్సెన్ యాత్రలో ఇంగ్రిడ్, ఆమె కూతురు, మరో ఇద్దరు స్త్రీలు వచ్చారు. ప్రిడ్జ్ అఖాతంలో నీటి అడుగునున్న ఒక మెట్టకు 'నలుగురు స్త్రీల మెట్ట' అని పేరు పెట్టారు. పటం మీద అధికారులూ ధనవంతులూ నిండిపోయిన చోట, ప్రయాణం చేసిన మనుషులకే దక్కిన పేరది.

ఇక రాళ్ల సంగతి. విశాఖలో కైలాసగిరి, సింహాచలం కొండల రాయిని ఖోండలైట్ అంటారు. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలున్న రాయి అది. కోణార్క్ గుడి కట్టింది దాంతోనే. 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. ఒడిశా కొండల్లోని ఖోండు ఆదివాసుల పేరే అది. మన మన్యంలో వాళ్లను కోదులంటాం. కనుమల్లో కనిపించే రెండో ముఖ్యమైన రాయి చార్నోకైట్. ఫ్రామ్నెస్ పర్వతాలు చాలావరకు చార్నోకైటే. లార్స్‌మన్ కొండల్లో గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న రాళ్లు దండిగా ఉన్నాయి. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమలూ ఈ తీరమూ ఒకే వేడిలో, ఒకే ఒత్తిడిలో కలిసి రూపుదిద్దుకున్నాయని భూవిజ్ఞానులు చెబుతారు. లార్స్‌మన్ ప్రాంతం సుమారు 53 కోట్ల ఏళ్ల కిందట మరోసారి అలాంటి కొలిమిలో పడింది. ఆ తర్వాత ఎంతో కాలానికి, అంటే సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, భారతదేశం అంటార్కిటికా నుంచి విడివడి ఉత్తరానికి కదలసాగింది. లాంబర్ట్ హిమానీనదం కింద ఉన్న లోతైన పగులు లోయకు మన వైపు కొనసాగింపుగా మహానది లోయను చూపుతారు.

లాంబర్ట్ లోయ పక్కనే, బీవర్ సరస్సు దగ్గర, నేలబొగ్గు పొరలున్నాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. మన గోదావరి లోయలో, సింగరేణి బొగ్గు పొరల్లోనూ అదే ఆకు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం కూడా ఆ ఆకు ముద్రలున్న రాళ్లను వదల్లేదు. చివరిదాకా మోసుకొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లు వాళ్ల దేహాల పక్కనే దొరికాయి. ఈ ఆకు దొరికిన నేలలన్నీ ఒకప్పుడు ఒకే ఖండమన్న ఊహకు 1885లో ఎడువర్డ్ స్యూస్ 'గోండ్వానా' అని పేరు పెట్టాడు. అంతకు ముందే, 1872లో, మెడ్లికాట్ అనే భూవిజ్ఞాని మధ్యభారతపు రాతిపొరలకు వాడిన మాట అది. గోండుల నేల కాబట్టి గోండ్వానా. అఖాతానికి బీమా మేనేజరు పేరుంటే, ఆ తీరాన్నీ మన తీరాన్నీ కలిపి మోసిన ఖండానికి ఉట్నూరు, కెరమెరి గూడేల్లో ఈనాటికీ బతుకుతున్న జాతి పేరుంది.

భారతదేశం అంటార్కిటికాలో అడుగుపెట్టింది 1981-82లో. హర్ష్ గుప్తా నాయకత్వంలో వెళ్లిన మూడో యాత్ర 1983-84లో 'దక్షిణ గంగోత్రి' కేంద్రాన్ని కట్టింది. ఆయన తర్వాత హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. మంచు ఫలకం మీద కట్టిన ఆ కేంద్రం 1990 నాటికి మంచులోనే కూరుకుపోయింది. దాని వెనక వచ్చిన 'మైత్రి' రాతినేల మీద నిలబడింది. మూడోదైన 'భారతి' లార్స్‌మన్ కొండల్లో 2012 మార్చి 18న ప్రారంభమైంది. 134 ఓడ కంటైనర్లతో కట్టిన కేంద్రం అది. ఆ చోటును ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి, ఒకప్పుడు మన తూర్పు తీరం ఆనుకుని ఉన్నది అక్కడే కావడం. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని భారతిలోని యాంటెనాలు అందుకుని హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌కు పంపుతాయి. ఆ ఉపగ్రహాలను నడిపించే ఇస్రో కేంద్రం ఈ బెంగళూరులోనే ఉంది.

భారతి పక్కనే ఉన్న స్టోర్నెస్ ద్వీపకల్పంలో ఇంకెక్కడా అంతగా కనిపించని బోరాన్, ఫాస్ఫేట్ ఖనిజాలు దొరికాయి. వాటిలో ఒకదానికి ఆ చోటి పేరుతోనే స్టోర్నెసైట్ అని పేరొచ్చింది. 2014 నుంచి అది రక్షిత ప్రాంతం. అనుమతి లేనిదే ఎవరూ అడుగు పెట్టరాదు.

విశాఖలో, పాడేరులో, ఉట్నూరులో భూగోళం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. అంటార్కిటికా పాఠం వచ్చిన రోజు పెంగ్విన్ల దగ్గర ఆపకండి. పిల్లల చేతికి ఒక ఖోండలైట్ ముక్క ఇచ్చి, ఈ రాయి తోబుట్టువు ఎక్కడుందో ప్రపంచ పటంలో చూపించండి. ఆ రెండు తీరాలనూ ఒకప్పుడు కలిపి మోసిన ఖండానికి వాళ్ల తాతల పేరే ఉందని గోండు పిల్లలకు తప్పకుండా చెప్పండి.