క్రొత్త బండి – మోతకర్రలు



"మనసు మంచిదైతే చాలదా పాస్టరు గారూ, పద్ధతి ఏదైతేనేమి?" అని విశ్వాసులు నన్ను తరచుగా అడుగుతుంటారు. అలా అడిగినప్పుడెల్లా నాకు ఉజ్జా జ్ఞాపకము వస్తాడు. సెమినరీలో చదివే రోజుల్లో అతని మరణము నాకు మింగుడుపడలేదు. పడిపోబోతున్న మందసమును పట్టుకోవడం తప్పా? మీలో కొందరికీ ఈ సందేహము ఉండే ఉంటుంది. కాస్త వెనక్కి వెళ్లి చూద్దాము.

ఏలీ దినములలో ఫిలిష్తీయులు మందసమును పట్టుకొనిపోయారు. ఏడు నెలలు ఉంచుకొని, తెగులు తాళలేక, క్రొత్త బండి చేయించి, పాడి ఆవులు రెండింటిని కట్టి పంపివేశారు. బేత్షెమెషు మీదుగా అది కిర్యత్యారీములోని అబీనాదాబు ఇంటికి చేరి, ఏండ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. యెరూషలేమునకు పడమరగా సుమారు 12 కిలోమీటర్ల దూరములో ఉన్న ఆ కొండమీద 2017లో పురావస్తు త్రవ్వకములు కూడా మొదలయ్యాయి.

క్రీ.పూ. 1000 ప్రాంతములో దావీదు ఆ మందసమును యెరూషలేమునకు తేవాలనుకున్నాడు. మంచి కోరికే. దేవుడు ఆ కోరికను ఎక్కడా తప్పుపట్టలేదు. దావీదు అధిపతులందరితో ఆలోచించాడు, సమాజమంతటికీ ఆ మాట నచ్చింది. 30,000 మంది బయలుదేరారు. సితారాలు, తంబురలు, తాళములు మ్రోగాయి. మందసమును మాత్రము క్రొత్త బండి ఎక్కించారు.

ఈ బండి ఆలోచన ఎక్కడిది? మోషే ధర్మశాస్త్రములోనిది కాదు, ఫిలిష్తీయులు చేసినది. సంఖ్యాకాండము 7వ అధ్యాయము తీసి చూడండి. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చారు. మోషే రెండు బండ్లు గెర్షోనీయులకు, నాలుగు మెరారీయులకు ఇచ్చాడు. తెరలు, పలకలు, దిమ్మలు మోయాలి గదా! కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. బండ్లు చాలక కాదు, పరిశుద్ధమైనవాటిని వారు భుజములమీదనే మోయాలి. అందుకే మందసమునకు ఉంగరములు, తుమ్మకర్రతో చేసిన మోతకర్రలు. ముట్టినవారు చనిపోతారని 4వ అధ్యాయములో ముందే హెచ్చరిక ఉంది. రాజైనవాడు ధర్మశాస్త్రమునకు ప్రతి వ్రాసుకొని దినదినము చదవాలని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. అంతమందిలో ఒక్కరైనా ఆ గ్రంథమును జ్ఞాపకము చేయలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాకోను కళ్లము దగ్గరకు వచ్చారు. కళ్లమంటే మన రైతులకు చెప్పనక్కరలేదు, చదునైన గట్టి నేల. అక్కడ ఎద్దులు తడబడతాయని ఎవరనుకుంటారు? తడబడ్డాయి. ఉజ్జా చెయ్యి చాపాడు. అక్కడే చనిపోయాడు. పాట ఆగిపోయింది.

నన్నడిగితే ఆ తప్పు కళ్లము దగ్గర మొదలుకాలేదు, బండి సిద్ధము చేసిన రోజునే మొదలైంది. మందసము కహాతీయుల భుజములమీద ఉంటే ఎద్దులూ లేవు, చెయ్యి చాపే అవసరమూ లేదు. పైగా అది ఉజ్జా ఇంటిలో ఉన్నదే. రోజూ కండ్లయెదుట ఉన్నది చులకనైపోవడం తెలియకుండానే జరుగుతుంది. వాక్యమును వృత్తిగా పట్టుకొని తిరిగే నాలాంటి సేవకులకు ఈ ప్రమాదము మరీ ఎక్కువ.

దావీదుకు మొదట కోపము వచ్చింది, తరువాత భయము పుట్టింది. మందసమును ఓబేదెదోము ఇంట దింపించాడు. అక్కడున్న మూడు నెలలు ఆ ఇల్లు ఆశీర్వదింపబడింది! అప్పుడు దావీదు యాజకులైన సాదోకును, అబ్యాతారును, లేవీయులను పిలిపించి ఏమన్నాడో 1 దినవృత్తాంతములు 15లో ఉంది. మొదట మీరు దానిని మోయలేదు, మనము విధి ప్రకారము దేవుని యొద్ద విచారణ చేయలేదు అని ఒప్పుకున్నాడు. "మనము" అన్నాడు గమనించండి. చనిపోయినవానిమీద నెపము వేయలేదు.

ఈసారి కహాతీయులలోనుండి ఊరీయేలు, అతని బంధువులు 120 మంది వచ్చారు. మోతకర్రలు లేవీయుల భుజములమీదికి ఎక్కాయి. విధి పాటిస్తే ఉత్సాహము చల్లారిపోతుందనుకునేవారు ఇక్కడ ఆగి చదవాలి. దావీదు నార ఏఫోదు ధరించి తన శక్తికొలది నాట్యమాడినది ఈ రెండవసారే. మోసేవారు ఆరడుగులు నడవగానే ఆపి బలి అర్పించారు. ఆ ఆరడుగులు ఎంత వణుకుతో వేశారో!

మందసమునకు ద్వారపాలకులుగా నియమింపబడినవారిలో ఓబేదెదోము అనే పేరు కూడా ఉంది.