వాల్వు పెద్దదైతే ఇంజన్‌కు బలమా?

హౌరా నుంచి చెన్నై వైపు వచ్చే రైళ్లలో ప్రయాణించిన వారికి ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుండే ఉంటుంది. ఆ ఊళ్లోని రైల్వే కాలనీల్లో తెలుగు మాటలు వినిపిస్తాయి. ఇందుకు కారణం చరిత్రలో ఉంది. 1902లో వాల్తేరు వైపు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పుతీర రైలు మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లోనే ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి.

ఆవిరి ఇంజన్ల కాలంలో అటువంటి వర్క్‌షాపులన్నిటిలోనూ జాగ్రత్తగా చూసుకోవలసిన భాగం ఒకటుంది. అదే వాల్వు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని కవాటం అంటారు. ఈనాడు పాత అంబాసడర్ కారును బాగుచేయించుకునే కుర్రవాడికి ఎదురయ్యే ప్రశ్నకు జవాబు ఆ ఆవిరి ఇంజన్ల చరిత్రలో కొంత దొరుకుతుంది. ప్రశ్న ఇది: పెద్ద వాల్వులు వేయిస్తే బండి బలం పెరుగుతుందా?

ముందు ఆవిరి ఇంజన్ సంగతి చూద్దాం. సిలిండర్ పక్కనే ఒక ఆవిరి పెట్టె ఉంటుంది. అందులో నేతగాడి కండెలాంటి పిస్టన్ వాల్వు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఒక ద్వారం తెరిచి కొత్త ఆవిరిని సిలిండర్‌లోకి పంపుతుంది. పని ముగిసిన ఆవిరిని బయటికి వదులుతుంది. ఈ వాల్వు వ్యాసం ఎంత ఉండాలి, అది ఎంత దూరం జరగాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ తేడా ఎంత ముఖ్యమో 1925లో బ్రిటన్‌లో తేలింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇంజన్లలో ఎక్కువ భాగం ఆ దేశపు కర్మాగారాల నుంచే ఓడల్లో వచ్చేవి.

ఆ ఏడాది రెండు రైల్వే కంపెనీలు తమ ఇంజన్లను ఇచ్చిపుచ్చుకొని పోటీ పరీక్షలు జరిపాయి. గ్రేట్ వెస్టర్న్ కంపెనీ కాసిల్ తరగతి ఇంజన్, తనకన్నా పెద్దదైన గ్రెస్లీ పసిఫిక్ ఇంజన్ లాగే రైళ్లనే తక్కువ బొగ్గుతో లాగింది. పసిఫిక్‌ను రూపొందించిన నైజల్ గ్రెస్లీ ఆ తర్వాత తన ఇంజన్ల వాల్వు అమరికను మార్పించాడు. వాల్వు వ్యాసం మాత్రం 8 అంగుళాలే. మారింది దాని నడక. వాల్వు జరిగే గరిష్ఠ దూరం నాలుగున్నర అంగుళాల పైచిలుకు నుంచి 5¾ అంగుళాలకు పెరిగింది. వాల్వు నడిమి స్థానంలో ఉన్నప్పుడు ద్వారం అంచును దాటి ఎంత కప్పి ఉంటుందో దాన్ని ల్యాప్ అంటారు. అది 1¼ నుంచి 1⅝ అంగుళాలు అయింది. దీంతో ఆవిరిని త్వరగా ఆపేసి, లోపల ఉన్న ఆవిరి వ్యాకోచంతోనే పిస్టన్‌ను నెట్టించడం వీలైంది. వాడిన ఆవిరి బయటికి పోవడమూ సులువైంది. ఫలితంగా బొగ్గు ఖర్చు మైలుకు సుమారు 50 పౌన్ల నుంచి 39 పౌన్లకు దిగింది.

మరి వాల్వు వ్యాసానికి విలువ లేదా? ఉంది. అదే గ్రెస్లీ ఆ తర్వాత అతివేగపు రైళ్లకోసం రూపొందించిన ఏ4 తరగతిలో 9 అంగుళాల వాల్వులు పెట్టాడు. ఆ తరగతికి చెందిన మల్లార్డ్ 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగాన్ని అందుకుంది. వేగం పెరిగినప్పుడు ఆవిరికి దొరికే సమయం తగ్గుతుంది, కాబట్టి దారి వెడల్పు కావాలి.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. హుగ్లీ నది ఒడ్డున, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ బెంగాల్‌లోనే, ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసడర్‌ను తయారుచేసింది. తొలి కార్లలో వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి. 1959 నుంచి వాల్వులు పైన ఉండే 1489 సి.సి. ఇంజన్ వచ్చింది. సిలిండర్ వ్యాసం సుమారు 73 మి.మీ., పిస్టన్ నడక 88.9 మి.మీ.

కారు వాల్వు పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. అది పైకి లేచినప్పుడు చుట్టూ ఉంగరంలాంటి సందు ఏర్పడుతుంది. గాలి ఆ సందులోంచే రావాలి. సందు వైశాల్యం వాల్వు చుట్టుకొలతను లేచిన ఎత్తుతో గుణిస్తే వస్తుంది. లెక్కకోసం ప్రవేశ వాల్వు వ్యాసం 36 మి.మీ., ఎత్తు 8 మి.మీ. అనుకోండి. సందు సుమారు 905 చదరపు మి.మీ. వాల్వు వ్యాసాన్ని పదిశాతం పెంచితే రంధ్రం వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, కాని ఎత్తు మారకపోతే సందు పెరిగేది పదిశాతమే. ఎత్తు వ్యాసంలో నాలుగో వంతుకు చేరినప్పుడే సందు, రంధ్రం సమానమవుతాయి. గ్రెస్లీ ఇంజన్‌లోలాగే ఇక్కడా వాల్వు కొలత, దాని నడక కలిపి చూడాలి.

తర్వాతి ప్రశ్న వేగం. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చార్లెస్ ఫయెట్ టేలర్ బృందం దీనికి ఒక కొలమానం ఇచ్చింది. పిస్టన్ వైశాల్యాన్ని వాల్వు వైశాల్యంతో భాగించి, పిస్టన్ సగటు వేగంతో గుణించండి. వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉండదు కనుక ధ్వని వేగాన్ని ఒక ప్రవాహ గుణకంతో తగ్గించి, దానితో భాగించండి. జవాబు 0.6 దాటితే సిలిండర్ నిండడం వేగంగా పడిపోతుంది.

మన లెక్కలో వైశాల్యాల నిష్పత్తి 4.1. నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 11.9 మీటర్లు. గుణకం 0.35, ధ్వని వేగం 340 మీటర్లు తీసుకుంటే జవాబు సుమారు 0.41. 0.6 రావాలంటే ఇంజన్ దాదాపు 5,900 చుట్లు తిరగాలి. ఈ కారు ఇంజన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది 4,000 పైచిలుకు చుట్ల దగ్గరే. అంటే ఊరి రోడ్లమీద తిరిగే కారుకు పెద్ద వాల్వు ఇచ్చే లాభం, అది ఎన్నడూ చేరని వేగాల దగ్గర దాగి ఉంది.

నష్టం మాత్రం రోజూ కనిపిస్తుంది. దారి మరీ వెడల్పయితే తక్కువ చుట్ల దగ్గర గాలి నెమ్మదిస్తుంది. పెట్రోలు తుంపరలు గోడలకు అంటుకుంటాయి, మిశ్రమం సరిగా కలవదు, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. పెద్ద వాల్వు అంచు సిలిండర్ గోడకు దగ్గరైతే ఆ వైపు గాలికి అడ్డు వస్తుంది. బరువు పెరిగితే స్ప్రింగు దాన్ని సమయానికి మూయలేకపోవచ్చు. రెండు వాల్వు సీట్ల మధ్య ఇనుము పలచబడితే వేడికి పగులుతుంది. పైగా ఈ ఇంజన్‌లో రెండేసి సిలిండర్లకు ఒకే ప్రవేశ మార్గం ఉంది. ఇరుకు అక్కడ ఉంటే వాల్వు మార్చి ప్రయోజనం ఏమిటి?

నిర్గమ వాల్వు చిన్నదిగా ఎందుకుంటుందని అడగవచ్చు. దహనం తర్వాత వాయువులను అధిక పీడనం బయటికి తోస్తుంది. లోపలికి వచ్చే గాలిని తోసేది వాతావరణ పీడనం మాత్రమే. అందుకే చోటులో ఎక్కువ వాటా ప్రవేశ వాల్వుకు ఇస్తారు.

అంబాసడర్ తయారీ 2014లో ఆగిపోయింది. సీట్లకోసం ఎక్కువ తొలిపించి పాడుచేసుకున్న హెడ్‌కు బదులు మరొకటి వెతకడం కష్టం. అందువల్ల షెడ్డుకు వెళ్లే ముందు మూడు విషయాలు రాసుకోండి: బండి ఎక్కువసేపు ఎన్ని చుట్ల దగ్గర నడుస్తుంది, వాల్వు ఎంత ఎత్తు లేస్తుంది, మార్గంలో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏది. వెర్నియర్ కాలిపర్స్ మీ కళాశాల ప్రయోగశాలలోనే ఉంది. తెలిసిన మెకానిక్‌ను అడిగి ఒక పాత వాల్వు తెచ్చుకొని కొలవండి, పై లెక్కను మీ బండికి వేసి చూడండి.