అమెరికా టెలివిజన్‌లో అతీతశక్తుల కథలు, వాటిలోని మనుషులు

అతీతశక్తుల కథ అమెరికా టెలివిజన్‌లో గౌరవనీయమైన నాటకరూపంగా స్థిరపడటానికి ప్రధాన కారణం ‘ద ట్విలైట్ జోన్’. సీబీఎస్ సంస్థ 1959 అక్టోబర్ 2న దీని ప్రసారం మొదలుపెట్టింది. దయ్యాల కథలు, వింత కథలు అంతకుముందే రేడియోలోనూ టీవీలోనూ వచ్చేవి. వింత ఎంత భయంకరమైనది అన్నదానికన్నా అది ఎవరికి ఎదురైంది, ఆ మనిషి బతుకులో అప్పటికే ఏ లోటు ఉంది అన్నది ముఖ్యమని చూపిన ఘనత ఈ ధారావాహికది, దాని సృష్టికర్త రాడ్ సెర్లింగ్‌ది.

సెర్లింగ్ రెండో ప్రపంచయుద్ధంలో ఫిలిప్పీన్స్‌లో పారాట్రూపర్‌గా పోరాడాడు. 1955లో ‘ప్యాటర్న్స్’, 1956లో ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ అనే టీవీ నాటకాలతో పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో కార్యక్రమాల ఖర్చు భరించే కంపెనీలకు స్క్రిప్టు మీద గట్టి పట్టు ఉండేది. 1955లో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి తెల్లవాళ్లు హత్య చేశారు. ఆ ఘటన ఆధారంగా సెర్లింగ్ రాసిన నాటకం 1956లో తెరకెక్కేసరికి అసలు సంగతి ఆనవాళ్లు కూడా మిగలలేదు. జాతి ద్వేషం గురించి సూటిగా రాస్తే కొట్టేసేవాళ్లు, అదే మాట గ్రహాంతరవాసుల నోట పలికిస్తే అడ్డుచెప్పరని అతను గ్రహించాడు. ‘ట్విలైట్ జోన్’ పుట్టుకకు ఈ అనుభవమే పెద్ద ప్రేరణ.

1964 వరకు అయిదు సీజన్లలో 156 ఎపిసోడ్లు వచ్చాయి. వాటిలో 92 సెర్లింగ్ ఒక్కడే రాశాడు. చార్లెస్ బోమాంట్, రిచర్డ్ మాథిసన్ మిగిలిన ముఖ్య రచయితలు. ప్రతి వారం కథ కొత్తది, పాత్రలు కొత్తవి. ప్రకటనలు పోగా చేతిలో ఉండేది దాదాపు 25 నిమిషాలు. అంత తక్కువ వ్యవధిలో మనిషిని పరిచయం చేయాలి, వింతలోకి నెట్టాలి, ఫలితం చూపాలి. అందుకే రచయితలు ఒక్కో పాత్రకు ఒకే బలమైన కోరికనో భయాన్నో ఇచ్చి, కథంతా దాని చుట్టూ అల్లేవారు.

1959 నవంబర్‌లో వచ్చిన ‘టైమ్ ఇనఫ్ ఎట్ లాస్ట్’ ఇందుకు చక్కని ఉదాహరణ. హెన్రీ బీమిస్ బ్యాంకు గుమాస్తా. అతనికి పుస్తకాల పిచ్చి. ఇంట్లో భార్య చదవనివ్వదు, బ్యాంకులో మేనేజర్ చదవనివ్వడు. మధ్యాహ్నం డబ్బు దాచే గదిలో కూర్చుని చదువుకుంటుండగా బాంబు పడి ఊరంతా నాశనమవుతుంది. మిగిలింది అతనొక్కడే. గ్రంథాలయం శిథిలాల్లో పుస్తకాలు కుప్పలుగా దొరుకుతాయి, అడ్డు చెప్పేవాళ్లు లేరు. అంతలో కళ్లద్దాలు జారిపడి పగిలిపోతాయి. ఆ ముగింపు ప్రేక్షకుణ్ణి కలచివేయడానికి కారణం అణుబాంబు కాదు, మొదటి నిమిషాల్లోనే స్థిరపడిన ఆ చదువు దాహం.

మాథిసన్ రాసిన ‘నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్’ 1963 అక్టోబర్‌లో ప్రసారమైంది. విలియం షాట్నర్ పోషించిన బాబ్ విల్సన్ మానసిక చికిత్స పూర్తిచేసుకుని భార్యతో విమానంలో ఇంటికి వెళుతుంటాడు. రెక్క మీద ఒక వింత జీవి కూర్చుని ఇంజన్ పాడుచేయడం అతనికి కనిపిస్తుంది. వేరేవాళ్లు చూసేసరికి అది ఉండదు. విమానంలో మరెవరు చూసినా ఈ కథ ఇంత బిగువుగా ఉండదు, ఎందుకంటే విల్సన్‌కు తన కళ్ల మీద తనకే నమ్మకం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి మాట ఎవరు నమ్ముతారన్నదే అసలు భయం.

నాలుగో సీజన్లో ఎపిసోడ్ నిడివిని గంటకు పెంచారు. ఒక్క కోరిక మీద నిలిచే కథ అంతసేపు సాగడం కష్టమైంది. అయిదో సీజన్‌కు మళ్లీ అరగంటకే వచ్చారు.

వారానికో కొత్త మనిషి వచ్చే పద్ధతిలో ప్రేక్షకుడికి ఏ పాత్రతోనూ దీర్ఘకాలపు అనుబంధం ఏర్పడదు. ఆ లోటును మొదట తీర్చింది పగటిపూట వచ్చే ధారావాహిక. 1966లో ఏబీసీ ఛానల్లో డాన్ కర్టిస్ ప్రారంభించిన ‘డార్క్ షాడోస్’లో మరుసటి ఏడాది బార్నబస్ కాలిన్స్ అనే రక్తపిశాచి అడుగుపెట్టాడు. జొనాథన్ ఫ్రిడ్ పోషించిన ఈ పాత్ర తన శాపానికి తానే కుమిలిపోయేది. 1971లో ముగిసేనాటికి 1,225 ఎపిసోడ్లు నడిచిన ఈ ధారావాహిక, రాక్షసుడికీ గతం, పశ్చాత్తాపం ఉంటాయని ప్రేక్షకులకు అలవాటు చేసింది.

1972లో కర్టిస్ నిర్మాతగా, మాథిసన్ రచనతో ‘ద నైట్ స్టాకర్’ అనే టీవీ చిత్రం వచ్చింది. అందులోని విలేకరి కార్ల్ కోల్చాక్ పాత్రతో 1974–75లో 20 ఎపిసోడ్లు తీశారు. వారానికొక పిశాచం వస్తుంది, దాన్ని వెంటాడే మనిషి మాత్రం ఒక్కడే. ఈ చట్రం తర్వాతివాళ్లకు ఎంతో ఉపయోగపడింది. కోల్చాక్ మాత్రం మారడు. ప్రతి వారం నిజం కనిపెడతాడు, సంపాదకుడు నమ్మడు, మరుసటి వారం మళ్లీ మొదటికే వస్తుంది.

కోల్చాక్ స్ఫూర్తితోనే క్రిస్ కార్టర్ 1993లో ఫాక్స్ ఛానల్లో ‘ది ఎక్స్-ఫైల్స్’ ప్రారంభించాడు. ఇందులో నమ్మే మల్డర్, నమ్మని స్కల్లీ అనే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఉన్నారు. ఒకే ఘటన మీద రెండు చూపులు ఉండటంతో ప్రతి కేసూ వాళ్లిద్దరి స్వభావాలకు పరీక్షగా మారింది. 1994 జనవరిలో వచ్చిన ‘బియాండ్ ద సీ’ని గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ రాశారు. అందులో స్కల్లీ తండ్రి చనిపోతాడు. మరణశిక్ష పడిన హంతకుడు బాగ్స్ తనకు ఆత్మలు పలుకుతాయని, ఆమె తండ్రి మాట చేరవేస్తానని ఆశపెడతాడు. ఈసారి నమ్మనివాడు మల్డర్, నమ్మకం వైపు ఒరిగేది స్కల్లీ. చివరికి ఆమె ఆ సందేశం వినడానికి వెళ్లదు. ఆయన తన తండ్రి కాబట్టి ఏం చెప్పేవాడో తనకు తెలుసునంటుంది. బాగ్స్ శక్తి నిజమా కాదా అన్నది తేలకుండానే కథ నిండుగా ముగుస్తుంది.

1995లో ఇదే ధారావాహికకు డారిన్ మోర్గన్ రాసిన ‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’కు రచనలో ఎమ్మీ పురస్కారం దక్కింది. బ్రక్‌మన్‌గా నటించిన పీటర్ బాయిల్‌కు కూడా ఎమ్మీ లభించింది. బ్రక్‌మన్ బీమా పాలసీలు అమ్ముకునే ముసలాయన. ఎవరు ఎలా చనిపోతారో ఆయనకు ముందే తెలుస్తుంది, ఆ తెలివిడే ఆయన బతుకులోని ఆనందాన్ని హరించింది. వరంలా కనిపించే శక్తి ఎంత భారమో ఈ ఎపిసోడ్ లోతుగా చూపింది.

1997లో మొదలైన ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ మరో అడుగు వేసింది. ఇందులోని రాక్షసులు తరచూ యౌవనపు కష్టాలకు రూపాలు. 1999 డిసెంబర్‌లో వచ్చిన ‘హష్’లో పిశాచాలు ఊరందరి గొంతులూ దొంగిలిస్తాయి, ఎపిసోడ్ సగానికి పైగా సంభాషణలు లేకుండా నడుస్తుంది. మాటలున్నప్పుడు నిజాలు దాచుకున్న కథానాయిక బఫీ, ఆమె ఇష్టపడే రైలీ ఒకరి సంగతి ఒకరు తెలుసుకునేది ఆ నిశ్శబ్దంలోనే. గొంతులు తిరిగొచ్చాక ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక ఉండిపోతారు. 2001లో వచ్చిన ‘ద బాడీ’లో బఫీ తల్లి అనారోగ్యంతో చనిపోతుంది. అతీతశక్తులు నిండిన ప్రపంచంలోనూ ఆ మరణాన్ని ఏ మంత్రమూ అడ్డుకోలేదు. ఆ శూన్యం తెలియడానికి ఈ ఎపిసోడ్‌లో నేపథ్య సంగీతం పూర్తిగా మానేశారు.

2005లో ఎరిక్ క్రిప్కీ ప్రారంభించిన ‘సూపర్‌నాచురల్’ ఈ పద్ధతులన్నిటినీ కలుపుకుంది. తల్లిని పోగొట్టుకున్న అన్నదమ్ములు డీన్, సామ్ ఊరూరూ తిరుగుతూ వారానికొక పిశాచంతో తలపడతారు, వాళ్ల కుటుంబ కథ మాత్రం సీజన్ల పొడవునా సాగుతుంది. 2020లో ముగిసేనాటికి 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు పూర్తయ్యాయి.

ఈ ఆరు దశాబ్దాల్లో ఎపిసోడ్ నిర్మాణానికి కొన్ని సూత్రాలు స్థిరపడ్డాయి. మొదటి సన్నివేశంలోనే వింత తొంగిచూడాలి. దాని శక్తికి హద్దులుండాలి, అవి మధ్యలో మారకూడదు. అది తాకే మనిషికి అప్పటికే ఒక గాయమో ఆశో ఉండాలి. గెలిచినా ఓడినా అతను ఏదో ఒక మూల్యం చెల్లించాలి. కాలంతో పాటు మారింది ఆ మూల్యం చెల్లించేవాళ్లే: సెర్లింగ్ నాటి కథల్లో ఆ వారంతో కనుమరుగయ్యే అపరిచితుడు, తర్వాతి ధారావాహికల్లో ప్రేక్షకుడు ఏళ్ల తరబడి ఎరిగిన మనిషి.