వజ్రపుటుంగరం: ఆచారం, వాణిజ్యం, పరీక్ష

నిశ్చితార్థ సమయంలో వధువుకు వజ్రపుటుంగరం తొడగడం పాశ్చాత్య సమాజాల్లో అనాదిగా వస్తున్న ఆచారమనే అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. చారిత్రకాధారాలు దీనిని పాక్షికంగానే సమర్థిస్తాయి. ఉంగరం ప్రాచీనమైనదే, రోమన్లు వివాహ నిశ్చయానికి గుర్తుగా ఇనుప ఉంగరం ఇచ్చేవారు. వజ్రం మాత్రం ఆలస్యంగా వచ్చి చేరింది. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ పాలకురాలు మేరీకి ఇచ్చిన ఉంగరాన్ని తొలి ప్రసిద్ధ నిదర్శనంగా పేర్కొనడం పరిపాటి.

ఆనాడు ఐరోపాకు వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుండే చేరేవి. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కృష్ణాతీరంలోని కొల్లూరు గనిని దర్శించి, అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇంతటి శ్రమతో లభించే రాయి రాజవంశాలకు, సంపన్నులకు పరిమితం కావడం సహజం. 18వ శతాబ్దిలో బ్రెజిల్ గనులు వెలుగులోకి రావడంతో గోల్కొండ వజ్రాల ఏకచ్ఛత్రాధిపత్యం ముగిసింది. 1860ల చివర దక్షిణాఫ్రికాలో విస్తారమైన నిక్షేపాలు బయటపడ్డాక వజ్రపు దుర్లభత్వమే ప్రశ్నార్థకమైంది.

1888లో ఏర్పడిన డి బీర్స్ సంస్థ సరఫరాను నియంత్రించి ధరను నిలబెట్టింది. ఆర్థికమాంద్య కాలంలో గిరాకీ తగ్గగా, 1938లో ఎన్.డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల సంస్థను ఆశ్రయించింది. 1947లో ఆ సంస్థ రచయిత్రి ఫ్రాన్సిస్ గెరెటీ వజ్రాన్ని శాశ్వతత్వంతో ముడిపెట్టే నినాదాన్ని రూపొందించింది. దాని ప్రయోజనం ద్విముఖం: శాశ్వత ప్రేమకు చిహ్నమైన కానుకను కొనాలనిపిస్తుంది, తిరిగి అమ్మాలనిపించదు. అమ్మిన రాళ్లు మళ్లీ విపణికి రాకుండటం ధర నిలవడానికి తోడ్పడుతుంది.

కొనుగోలుదారు వజ్రాన్ని తూచే ప్రమాణాలు నాలుగు: బరువు, రంగు, స్వచ్ఛత, కోత. క్యారట్ అంటే 0.2 గ్రాములు. 1931లో స్థాపితమైన అమెరికా రత్నశాస్త్ర సంస్థ రంగును డి నుండి జెడ్ వరకు శ్రేణులుగా విభజించింది; డి శ్రేణి వర్ణరహితం. ఈ పరీక్షాదృష్టి పూర్తిగా నూతనం కాదు. వరాహమిహిరుని బృహత్సంహిత 6వ శతాబ్దిలోనే వజ్రగుణదోషాలను వివరించింది. నేడు వీటికి తోడు ధ్రువీకరణ పత్రాన్ని, రాయి గనిలో పుట్టినదా ప్రయోగశాలలో పెంచినదా అన్న విషయాన్ని, తిరిగి అమ్మితే వచ్చే ధరను విచారించడం అవసరం. రెండు రకాల వజ్రాలూ కర్బన స్ఫటికాలే; కంటికి భేదం తెలియదు, ధరలో మాత్రం గణనీయమైన అంతరం ఉంటుంది.

కనుక వజ్రపుటుంగరం పూర్తిగా ప్రాచీనాచారమూ కాదు, కేవలం కల్పనా కాదు. రాచరికపు అలవాటును వాణిజ్యం సామాన్యుని కర్తవ్యంగా మార్చిన వైనమే దాని చరిత్ర. రాయి విలువను పరీక్ష నిర్ణయిస్తుంది. ఉంగరం విలువను ఇచ్చిపుచ్చుకొనేవారు నిర్ణయిస్తారు. ఈ రెండింటినీ ఒకటిగా భ్రమింపజేయడంలోనే ఆ ప్రకటన విజయం ఉంది.