ఈతకల్లు (వికారాబాద్–తాండూరు)

వికారాబాద్, తాండూరు పల్లెల్లో గౌడ గీతకార్మికులు ఈతచెట్టు (ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్) నుంచి తీసే చలికాలపు పానీయం. మోకుతో చెట్టెక్కి, మొవ్వు కింద కాండాన్ని పలుచగా గీసి లొట్టి కడతారు. రాత్రంతా కారిన తియ్యని నీరాను గాలిలోని ఈస్టు, బాక్టీరియా గంటల్లోనే పులియబెడతాయి.

రుచి: తెల్లవారుజామున దించిన కల్లు పాలరంగులో, సన్నని నురుగుతో, తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపు, మత్తు పెరుగుతాయి.

పోలిక: జర్మనీ శరదృతు బీరు మెర్జెన్‌ను పూర్వం మార్చిలో కాచి, చల్లని నేలమాళిగల్లో నెలల తరబడి నిల్వ ఉంచేవారు. దోరగా వేడిచేసిన బార్లీ మాల్ట్ దానికి తేనెరంగు, రొట్టె రుచి ఇస్తుంది. ఈతకల్లుకు ఆ నిల్వగుణం లేదు.

హెచ్చరిక: ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ప్రాణాంతకం.