ఇల్లు అమ్మేముందు హంసాయాని అడిగారా?

పెనుకొండలో మా ఇంటి బైనామా అబ్బా దగ్గర ఓ ఇనప ట్రంకుపెట్టెలో ఉంటుంది. 1961 నాటి దస్తావేజు. రాతంతా తెలుగు, చివర్న మా దాదా దస్తఖత్ మాత్రం ఉర్దూలో. ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దస్తఖత్ దాకా చదవగలిగేది నేనొక్కణ్ణేనని అమ్మీ చుట్టాలందరికీ చెప్పుకుంటుంది. మొన్న రంజాన్ అయ్యాక ఆ పెట్టె మళ్లీ తెరవాల్సొచ్చింది. చిన్న చిచ్చా తన హిస్సా అమ్మేస్తానన్నాడు.

దాదా ఇంతెకాల్ అయ్యి ఇరవై ఏళ్లు దాటినా ఇల్లు తక్సీమ్ కాలేదు. షరియత్ లెక్కన అయిదు పాళ్లు: అబ్బాకు రెండు, చిచ్చాకు రెండు, ఫుప్పూకు ఒకటి. ఇన్నాళ్లూ ఆ లెక్క నోటిమాటే. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. 2017లో కియా కంపెనీ మా మండలంలోని ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుంది. 2019కల్లా కార్లు బయటికొచ్చాయి. అప్పట్నుంచి మా ఊళ్లో జాగా అంటే ఆస్తి, హిస్సా అంటే రొక్కం. అంతకుముందు మా సందులో ఇల్లు కొంటానని వచ్చినవాణ్ణి చూసినట్టు నాకైతే గుర్తులేదు.

చిచ్చాకు బేరం వచ్చింది బయటి ఊరి ఆసామి నుంచి. ముసల్మానే. "అప్‌నా ఆద్మీ హై భాయ్, గైర్ థోడీ హై" అన్నాడు చిచ్చా. అబ్బా ఏమీ అనలేదు. ట్రంకుపెట్టె తాళం నా చేతికిచ్చాడు.

చదువుతూ చెక్కుబంది దగ్గర ఆగిపోయాను. ఉర్దూ కాగితాల్లో దీన్నే హుదూదె అర్బా అంటారు, నాలుగు హద్దులు. తూర్పుకు వీధి. దక్షిణానికి ఉమ్మడి సందు, అందులో చేదబావి. ఉత్తరానికి, పడమరకు పొరుగువాళ్ల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు. ఇంటి గురించి చెప్పాల్సిన చోట కాగితం హంసాయాల గురించే చెబుతోంది. చివర్న సాక్షి సంతకాల్లో మొదటిది పడమటి ఇంటాయనది. ఆయన హిందువు. ఇప్పుడా ఇంట్లో ఉంటున్నది ఆయన కొడుకు, రిటైరైన మాస్టారు. చేదబావి ఎండిపోయి చాన్నాళ్లయింది గానీ సందు మాత్రం ఇప్పటికీ మా రెండిళ్లదే.

పాతవాళ్లు ఇల్లు కొనేటప్పుడు పొరుగువాణ్ణి ముందు అడిగి, తర్వాత అతనితోనే సంతకం ఎందుకు పెట్టించుకునేవాళ్లో ఆ రాత్రి కితాబులు తిరగేశాక కొంత తెలిసింది. దాని పేరు షుఫా. మనకు విత్ర్ నమాజ్ తెలుసు కదా, విత్ర్ అంటే బేసి. దాని జత మాట షఫ్, అంటే సరి. షుఫా ఆ ధాతువులోంచి వచ్చిందే: పక్కవాడి జాగాను తన జాగాకు జత చేసుకునే హక్.

సహీ బుఖారీలో దీనికో కిస్సా ఉంది. అబూ రాఫె (రజి.)కు సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి.) ఆవరణలో రెండు గదులుండేవి. వాటిని కొనమని సాద్‌ని అడిగారు. నాలుగు వేల దిర్హమ్‌లకు మించి ఇవ్వను, అదీ కిస్తుల్లో ఇస్తానన్నారు సాద్. అబూ రాఫెకు అప్పటికే బయట అయిదు వందల దీనార్ల బేరం ఉంది. దీనార్‌కు పది దిర్హమ్‌లే అనుకున్నా అది అయిదు వేలు. పైగా నగదు. అయినా సాద్‌కే ఇచ్చేశారు. దగ్గరగా ఉన్న హంసాయాకే ఎక్కువ హక్ అని హుజూర్ (స.అ.వ.) చెప్పగా విన్నానని, లేకపోతే ఈ ధరకు ఇచ్చేవాణ్ణి కాదని కూడా ఆయన అక్కడే చెప్పేశారు. నాకు ఈ కిస్సాలో నచ్చేది అదే. నష్టపోతున్నానన్న సంగతి ఆయన దాచుకోలేదు.

హనఫీ ఫిఖ్ ఈ హక్‌కి వరస పెట్టింది. 12వ శతాబ్దపు మర్గీనానీ హిదాయాలో ఆ వరస వివరంగా ఉంది. మొదట షరీక్, అంటే అదే ఆస్తిలో హిస్సాదారు. తర్వాత ఖలీత్, దారిలోనో నీళ్లలోనో ఉమ్మడి ఉన్నవాడు. ఆ తర్వాత జార్, గోడ ఆనుకుని ఉన్న పొరుగువాడు. అమ్మకం ఖబర్ చెవిన పడగానే ఆలస్యం చేయకుండా నాకు కావాలనాలి. దీన్ని తలబె మువాసబత్ అన్నారు. మువాసబత్ అంటే ఎగిరి దూకడం, అంత త్వరగా అడగాలన్నమాట. తర్వాత సాక్షుల ముందు మళ్లీ అడగాలి. తక్కువ ధరకు కుదరదు, కొన్నవాడు ఎంతిచ్చాడో అంతే ఇవ్వాలి. షాఫయీ మజ్హబ్ మాత్రం గోడ పక్క పొరుగువాడికి ఈ హక్ ఒప్పుకోదు.

హిలాలు కూడా ఉన్నాయి. పొరుగువాడి గోడ వెంట మూరెడు వెడల్పు జాగా మిగుల్చుకుని తక్కినదంతా అమ్మితే, కొన్నవాడికి పొరుగువాడు ఆనుకునే లేడు, ఇక హక్ ఎక్కడిది? ఈ ఎత్తు కితాబుల్లోనే రాసి ఉంది. మన రియల్ ఎస్టేట్ బ్రోకర్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఆ రాత్రి నన్ను నిద్ర పోనివ్వని మాట ఇంకోటుంది. హిదాయా లెక్కలో షుఫా హక్‌కి ముస్లిం, జిమ్మీ ఇద్దరూ బరాబర్. అంటే చిచ్చా అంటున్న "అప్‌నా ఆద్మీ" ఈ వరసలో ఎక్కడా లేడు. ముందు అబ్బా, ఫుప్పూ. వాళ్లు వద్దంటే సందు పంచుకున్న మాస్టారు. బయటి ఊరి ముసల్మాన్ వంతు ఆ తర్వాతే.

ఇదంతా కోర్టులో నిలుస్తుందా అంటే, మా వైపు నిలవదు. టిప్పు సుల్తాన్ పోయాక రాయలసీమ నిజాం చేతికొచ్చి, 1800లో ఆయన దాన్ని కంపెనీకి అప్పగించాక, మనం మద్రాసు కోర్టుల కిందికెళ్లాం. 1870లో ఇబ్రహీం సాహెబ్ కేసులో మద్రాసు హైకోర్టు షుఫాను ఒప్పుకోలేదు. ఆస్తి అమ్ముకునే స్వేచ్ఛకు ఇది అడ్డమని, ఇన్సాఫ్‌కు పొసగదని తేల్చింది. 1937 షరియత్ చట్టంలో నికాహ్, విరాసత్, హిబా, వక్ఫ్ ఉన్నాయి గానీ షుఫా లేదు. నిజాం ఇలాకాలో మాత్రం ఇది చాన్నాళ్లు చెల్లింది.  1962లో సుప్రీంకోర్టు భావ్ రామ్ కేసులో పొరుగు హక్‌ను కొట్టేసి, హిస్సాదారు హక్‌ను మాత్రం ఉంచింది.

ఆ 1962 తీర్పు చదివినప్పుడు మొదట కోపమొచ్చింది, తర్వాత పోయింది. పరాయి కులం, పరాయి మజ్హబ్ వాళ్లు మొహల్లాలోకి రాకుండా ఆపడానికి ఈ హక్ పనికొస్తోందని కోర్టు గమనించింది. అది అబద్ధమని నేనెలా అంటాను? జర్నలిస్టుగా నగరానికొచ్చిన కొత్తల్లో అద్దె ఇల్లు అంతా మాట్లాడుకున్నాక, పేరు అడిగి, "మా వాళ్లు ఒప్పుకోరండీ" అన్న ఇంటివాళ్లను చూశాను. ఆ "మా వాళ్లు" కూడా హంసాయాలే. పొరుగువాడిని అడగడం ఒకటి, పొరుగువాడి చేతికి తాళం ఇవ్వడం మరొకటి.

చట్టంలో హిస్సాదారుకు ఇప్పటికీ కొంత ఆసరా ఉంది, మన కుటుంబాలు దాన్ని తెలుసుకుని పెట్టుకోవాలి. తక్సీమ్ కాని కుటుంబపు నివాస గృహంలో ఒకరి పాలు కొన్న బయటివాడు ఇంట్లో కలిసి కాపురం పెడతానంటే ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షన్ ఒప్పుకోదు. పంచమని అతను దావా వేస్తే, 1893 నాటి పార్టిషన్ చట్టం 4వ సెక్షన్ కింద తక్కిన హిస్సాదారులు కోర్టు కట్టిన ధరకు ఆ పాలు తామే కొనుక్కోవచ్చు. ఇది ముసల్మాన్ కుటుంబాలకూ వర్తిస్తుంది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లోనూ ఇలాంటి హక్ ఉంది, తోటి వారసుణ్ణి ముందు అడగాలని. పేరు షుఫా కాదు, అంతే.

మర్నాడు అసర్ తర్వాత చిచ్చా, నేను మాస్టారింటికి వెళ్లాం. చిచ్చాకు ఇష్టం లేదు, అబ్బా పంపాడు కాబట్టి వచ్చాడు. సంగతంతా విని మాస్టారు ఒకటే అడిగారు.

"మీ అన్నను, అక్కను అడిగినావా అబ్బాయ్?"

"అన్న దగ్గర అంత డబ్బు ఏడుంది సార్?"

"ఎంతుందో అడిగినావా?"

అడగలేదు. అబ్బా దగ్గర నిజంగానే అంత లేదు. ఫుప్పూ ఫోన్లో చాలాసేపు ఏడ్చి, తన పాలు వదులుకుంటానంది. అది వద్దని నేనే గట్టిగా చెప్పాను. ఆడపిల్లల హిస్సాలు ఇలా ఏడుస్తూ వదులుకున్నవే మన ఇళ్ల కింద ఎన్ని పునాదుల్లో ఉన్నాయో. కాగితంలో ఆమె ఒక పాలు ఒక పాలుగానే రాశాం.

చివరికి చిచ్చా రెండు పాళ్లూ అబ్బాయే తీసుకున్నాడు, మూడు కిస్తుల్లో. బయటి బేరం కంటే తక్కువకు. ఆ ఆసామి ఫోన్ చేసి చిచ్చాను నాలుగు మాటలన్నాడట. ఈసీ తీయించి, అగ్రిమెంట్ రాయించిన రోజు చెక్కుబంది నేనే చదివి వినిపించాను. దక్షిణానికి ఉమ్మడి సందు అన్నచోట మాస్టారు ఆపి, ఎండిపోయినా సరే చేదబావి కూడా రాయించమన్నారు.

మొదటి కిస్తు ఇచ్చేశాం. రెండోది బక్రీద్ తర్వాత. చిచ్చా ఇంకా పూర్తిగా ఖుష్‌గా లేడు. పోయిన జుమా రోజు భోజనానికి వచ్చి, ఆ ఆసామి ఎంతిస్తానన్నాడో అబ్బా ముందే మళ్లీ ఓసారి లెక్కేసి చెప్పాడు. అబ్బా విన్నాడు, కాదనలేదు. ప్లేట్లో ఇంకో బోటీ వేశాడు.