పది ఆఫీసులు, ఒక్క ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని అడిగితే, విడివిడిగా బాగానే నడిచే ప్రోగ్రాములు కలిపేసరికి ఎందుకు తన్నుకుంటాయో కనుక్కోవడం అని చెప్తుంటాను. ఐర్లండు వచ్చాక ఇక్కడి ప్రభుత్వ శాఖల చరిత్ర చదువుతుంటే అదే గొడవ కనబడింది. కాకపోతే ఇక్కడ మధ్యలో నలిగిపోయింది బీద కుటుంబాలు, వాళ్ళ పిల్లలు.

ముందు బల్లీమన్ సంగతి. 1963లో డబ్లిన్‌లో పాత ఇళ్ళు కూలి నలుగురు చనిపోయారు. దాంతో ప్రభుత్వం కంగారుపడి, 1966-69 మధ్య విమానాశ్రయానికి దగ్గర్లో పెద్ద ఫ్లాట్ల కాలనీ కట్టింది. అందులో 15 అంతస్తుల టవర్లు ఏడు. 1916 తిరుగుబాటు ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురి పేర్లే వాటికి పెట్టారు.

1984లో ఇంకో పథకం వచ్చింది. ప్రభుత్వ ఇల్లు అప్పజెప్పి సొంతిల్లు కొనుక్కుంటే 5,000 పౌండ్లు ఇస్తారు. ఇళ్ళ శాఖ వైపు నుంచి చూస్తే మంచి ఆలోచనే, వరసలో ఉన్నవాళ్ళకి ఇళ్ళు దొరుకుతాయి. కానీ జీతం వచ్చేవాళ్ళే కదండీ ఇల్లు కొనగలిగేది! బల్లీమన్‌లో వాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఫ్లాట్లలోకి నిలవ నీడలేని వాళ్ళు, ఒంటరి తల్లులు వచ్చారు. వాళ్ళకి కావలసిన మిగతా సాయం ఆ పథకంలో ఎక్కడా లేదు, అది వేరే శాఖల పని. 1987లో పథకం ఆపేశారు. 2004 నుంచి టవర్లనే ఒక్కొక్కటిగా కూల్చేశారు.

రెండోది ఇంకా బాధాకరం. రాస్‌కామన్ కౌంటీలో ఆరుగురు పిల్లలున్న ఒక ఇంటి పరిస్థితి అక్కడి హెల్త్ బోర్డుకి 1989 నుంచీ తెలుసు. పిల్లలందరినీ అక్కణ్ణించి తప్పించేసరికి 2004 వచ్చింది. 2010లో వచ్చిన విచారణ నివేదిక చదివితే గుండె తరుక్కుపోతుంది. ఎవరూ పట్టించుకోలేదా అంటే, సోషల్ వర్కర్లు, నర్సులు, ఇంటిపనిలో సాయం చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి వచ్చి వెళ్ళారు. మీటింగులూ జరిగాయి. పెద్దవాళ్ళు చెప్పింది నమ్మారు, పిల్లల మాట మాత్రం సరిగ్గా వినలేదు.

2014 జనవరి 1న మూడు సంస్థల పనిని కలిపి, దాదాపు 4,000 మంది ఉద్యోగులతో టుస్లా అనే కొత్త సంస్థ పెట్టారు. మరి సమస్య తీరిందా? ఇంటికొచ్చి పసిపిల్లల్ని చూసే నర్సులు ఆరోగ్య శాఖలోనే ఉండిపోయారు. ఇల్లు ఇచ్చేది కౌన్సిలు, భృతి ఇచ్చేది ఇంకో శాఖ. ఒకచోట గోడ తీస్తే ఇంకోచోట గోడ అలాగే ఉంది.

అందుకే నాకు టుస్లా కంటే, అది తెచ్చిన 'మెహల్' పద్ధతి ముఖ్యం అనిపిస్తుంది. మెహల్ అంటే ఐరిష్ పల్లెల్లో కోతలప్పుడు ఇరుగూపొరుగూ ఒకరి చేలో ఒకరు పనిచేయడం, మన ఊళ్ళలో బదులు పనికి వెళ్ళినట్టే. ఇందులో బడివాళ్ళు, నర్సు, ఇంకా అవసరమైన వాళ్ళు తల్లిదండ్రులతో కలిసి ఒక్కచోట కూర్చుంటారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే మొదలవుతుంది, వాళ్ళు లేకుండా మీటింగు జరగదు. వచ్చినవాళ్ళలో ఒకరు ముందుండి నడిపిస్తారు. పది ఆఫీసుల్లో పదిసార్లు అదే కథ చెప్పుకునే బాధ ఆ తల్లికి తప్పుతుంది.

దీనికీ హద్దుంది. రాస్‌కామన్ లాంటి ఇంట్లో పెద్దవాళ్ళ ఒప్పుదల కోసం చూస్తూ కూర్చోకూడదు, అక్కడ చట్టమే కదలాలి. మెహల్ పనికొచ్చేది పరిస్థితి అంతదాకా రాకముందు.

మన దగ్గర 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పుడూ తిండి, టీకాలు, ఆటపాటలు ఒకే గుమ్మంలో అందాలనే అనుకున్నారు. ఇలాంటి పథకం ఎక్కడ చూసినా నేను ముందు వెతికేది ఒక్కటే. రేపు పొద్దున కష్టం వస్తే ఆ తల్లి ఎవరికి ఫోన్ చేయాలి? దానికి జవాబు ఒక శాఖ పేరైతే, పని ఇంకా మిగిలి ఉందన్నమాట.